గట్టిగా చదువు, నాకు వినపడదు

మా ఊరి లైబ్రరీని నిలబెట్టింది నేనే. కాదనేవాళ్ళుంటే నా ముందుకొచ్చి చెప్పమనండి. ఎరువుల కొట్టాయన ఆ గది ఖాళీ చేయించి మిరపకాయ బస్తాలు, మా వైపు టిక్కీలంటాం, వేసుకుంటానన్న రోజున, ఊరు ఊరంతా కొట్టు ముందు పోగై ఉండగా, గంటసేపు ఏకధాటిగా మాట్లాడాను. జనం కళ్ళు తుడుచుకున్నారు. కొట్టాయన తల వంచుకున్నాడు. నా పక్కన నిలబడ్డ టీచరమ్మ నేనన్న ఒక్కొక్క మాటకీ తల ఊపింది.

ఇందులో నిజమెంతో, నేను కలిపిందెంతో తర్వాత చెబుతా. తల ఊపిన సంగతి మాత్రం నిజం. దాని మీద ఎక్కడ ప్రమాణం చెయ్యమన్నా చేస్తా.

టీచరమ్మ మొన్నటి వానల్లో కన్నుమూసింది. చర్చి వెనక సమాధుల దొడ్లో మట్టి వేసి వస్తూ ఆ గది ముందు ఆగాను. తలుపుకి తాళం. కిటికీలోంచి చూస్తే ఆమె కుర్చీ, ఆమె గాజు బీరువా. ఇంక ఈ తాళం తీసేవాళ్ళెవరు అన్న బెంగ నాకు ఆ రోజే పట్టుకుంది. పిల్లలకి నాలుగు రోజులు బుగ్గల మీద కన్నీటి చారలుంటాయి, ఆ తర్వాత చేతుల్లోకి ఫోన్లొస్తాయి. టిక్కీలకి మళ్ళీ చోటు దొరుకుతుంది. ఇదే నా లెక్క.

ఆమెని టీచరమ్మ అనేవాళ్ళంగానీ ఏ బళ్ళోనూ పాఠం చెప్పిన మనిషి కాదు. దాచేపల్లి అవతల ఒక సిమెంటు ఫ్యాక్టరీలో, బండరాయిని పిండి చేసే క్రషర్ పక్కనున్న ఆఫీసులో ఉద్యోగం చేసి, రిటైరయ్యాక వాళ్ళమ్మ ఉన్న ఇంటికి వచ్చి చేరింది. చేతిలో పుస్తకంతో ఆడమనిషి కనపడితే పిల్లలు పెట్టే పేరు ఒకటే కదా. పెట్టేశారు. పెద్దవాళ్ళం మేమూ అదే పట్టుకున్నాం.

గొంతు మాత్రం చానా పెద్దది. పక్కింటి వాళ్ళని ఉప్పు అడిగితే ఆ వీధి చివరావిడ ఉప్పు తీసుకుని బయల్దేరేది. క్రషర్ దగ్గర పనిచేసిన వాళ్ళందరూ అంతే, వాళ్ళు ఫ్యాక్టరీ మానేస్తారుగానీ గొంతు మానదు. మా ఇంటి ముందుకొచ్చి "అన్నయ్యా, వదిన ఉందా?" అంటే మా గేదె లేచి నిలబడేది. మా ఆవిడా ఆమే నెలకోసారి నరసరావుపేట చీరల కొట్లకని బస్సెక్కేవాళ్ళు. ఎప్పుడూ ఒట్టి చేతులతో తిరిగొచ్చేవాళ్ళు. పేటలో అన్ని కొట్లుంటే ఒక్క చీర నచ్చలేదా అని నేను ఎగతాళి చేస్తే ఇద్దరూ మొహమొహాలు చూసుకుని ఊరుకునేవాళ్ళు. ఆడాళ్ళ బేరం అంతేలే అనుకున్నా.

లైబ్రరీ అంటే పెద్ద ఊహ పెట్టుకోకండి. ఒకప్పుడు పాలకేంద్రం నడిచి మూతబడిన ఒంటి గది. ఎరువుల కొట్టాయనది. ఖాళీగానే పడుంది కదా, వాడుకోండి అన్నాడు. మొదటి ఎండాకాలం ఏ పుస్తకం తెరిచినా విరిగిన పాల వాసన. అరలన్నీ నాపరాళ్ళే, రాళ్ళ మిల్లు వాళ్ళు అంచులు విరిగినవి ఇస్తే ఇటుకల మీద పేర్చుకుంది. గుమ్మం ముందు కూర్చోవడానికి ఒక పెద్ద నాపబండ. గాజు తలుపుల బీరువా మాత్రం ఆమె ఇంటి నుంచి మోయించింది.

ఆ గది నింపడానికి తలా ఒక చెయ్యి వేశారు. పుస్తకాల్లో సగం నేనే ఇచ్చానని పైఊళ్ళో చెప్పుకుంటూ ఉంటా. నిజానికి నేనిచ్చింది ఒక్కటి. పోయినేడాది పంచాంగం. ఆమె దాన్ని రెండు చేతులా అందుకుని, "చానా మంచిది అన్నయ్యా" అని ఊరంతా వినేట్టు అని, నేను చూస్తుండగానే మడిచి, గాలికి కొట్టుకుంటున్న కిటికీ రెక్క కింద దోపింది. ఆ రెక్క ఇప్పటికీ కొట్టుకోదు. పుస్తకం పనికొచ్చిందా లేదా, మీరే చెప్పండి.

ఆమె కూర్చునే తీరు ఇంకో వింత. పిల్లలకి వీపు పెట్టి, గాజు బీరువాకి ఎదురుగా కుర్చీ వేసుకునేది. పిల్లల్ని చదివించే మనిషి పిల్లల వైపు చూడకపోవడం ఏందని అడిగితే, "చూస్తుంటే చదవరు అన్నయ్యా, చదువుతున్నట్టు కూర్చుంటారు" అంది. అయినా ఏదీ దాటిపోయేది కాదు. వెనక మూల ఒకడు చప్పుడు కాకుండా వేరుశనక్కాయ ఒలిస్తే, తల తిప్పకుండానే, "ఒరేయ్, తొక్కలు బయట!" అని కేకేసేది. చీమ తుమ్మినా వింటుందిరా ఈవిడ అని పిల్లలు గుసగుసలాడుకునేవాళ్ళు.

అంత చెవి ఉన్న మనిషి, ఏ పిల్ల పుస్తకం తెరిచి నిలబడినా, కుడిచెయ్యి దొప్పలా చెవి వెనక పెట్టి ఒకటే మాట అనేది.

"గట్టిగా చదువు, నాకు వినపడదు!"

అబద్ధమని పిల్లలకి తెలుసు. నాకూ తెలుసు. ఒకసారి పరీక్ష కూడా పెట్టా. ఆమె గడప దగ్గర వంగి చెప్పులు సర్దుతుంటే వెనక నుంచి మెల్లిగా, "టీచరమ్మా, ఇంట్లో పులిబొంగరాలు వేశారు, తెమ్మంటావా?" అన్నా. ఉలుకూ పలుకూ లేదు. పిల్లలు నోళ్ళు మూసుకుని నవ్వుతున్నారు. చెప్పులు జతలు జతలుగా పెట్టడం పూర్తిచేసి, నడుం పట్టుకుని లేచి, అప్పుడే నన్ను చూసినట్టు, "ఎంతసేపయింది అన్నయ్యా వచ్చి?" అంది. ఏం నటన! పులిబొంగరాలంటే ప్రాణం ఇచ్చే మనిషి, పంతం కోసం వాటిని కూడా వదులుకుంది. ఆ రోజే మనసులో దణ్ణం పెట్టేశా.

ఇంక ఆమె పెట్టిన రూలు సంగతి. దాని మూలంగానే ఊరు సగం పాడైంది, సగం బాగుపడింది.

పుస్తకం చదివిన పిల్ల దాన్ని అరలో పెట్టేసి, ఇంటికెళ్ళి ఆ కథ పెద్దవాళ్ళకి చెప్పాలి. అంతా చెప్పాలి, చివర మాత్రం చెప్పకూడదు. చివర కావాలన్న వాళ్ళు ఎవరైనా సరే లైబ్రరీకి రావాలి. వచ్చి ఆ నాపబండ మీద కూర్చుంటే, పిల్ల వాళ్ళ ఎదురుగా నిలబడి ఆఖరి పేజీలు పైకి చదువుతుంది. అప్పుడే ఆ పిల్లకి ఇంకో పుస్తకం.

"ఎవరూ రాకపోతే?" అని ఒకడు అడిగాడు.

"రాలేదంటే నువ్వు కథ సరిగా చెప్పలేదు. అదే పుస్తకం మళ్ళీ తీసుకుపో."

ఊళ్ళో ఎన్ని ఇళ్ళల్లో అన్నాలు చల్లారాయో! "చెప్పవే తల్లీ, దొంగ దొరికాడా?" అని తండ్రి బతిమాలతాడు. "లైబ్రరీకి రా" అని కూతురు మూతి బిగిస్తుంది. బర్రెలు తోలుకెళ్ళేవాళ్ళు, మిరప కోతకెళ్ళి వచ్చే ఆడాళ్ళు, అక్షరం ముక్క రానివాళ్ళు, చద్దిగిన్నె పక్కన పెట్టుకుని ఆ బండ మీద కూర్చునేవాళ్ళు. ట్రాక్టరు డ్రైవరు ఒకడు దుక్కి మధ్యలో బండి ఆపేసి వచ్చాడు. దుక్కి మధ్యలో అన్నది నేను కలిపింది, డీజిల్ కోసం పోతూ ఆగాడు. ఆగింది మాత్రం నిజం. డీజిల్ బంకు మూసేదాకా కూర్చున్నాడు.

పిల్ల చదువుతున్నంతసేపూ టీచరమ్మ పుస్తకం వైపు చూసేది కాదు. పిల్లకేసీ పెద్దగా చూసేది కాదు. బండ మీద కూర్చున్న ముసలాళ్ళ మొహాలే చూస్తుండేది. వాళ్ళ నోళ్ళు తెరుచుకుంటే తనూ నవ్వేది. వాళ్ళు ఒకళ్ళనొకళ్ళు "ఏమంది? ఏమంది?" అన్నట్టు చూసుకున్నారా, చెయ్యి చెవి వెనక్కి పోయేది. "గట్టిగా చదువు!"

అలా నడుస్తుండగా ఒక ఏడాది మిర్చి ధర పడిపోయింది. అమ్మలేక దాచుకుందామంటే కోల్డ్ స్టోరేజీలన్నీ నిండిపోయాయి. ఎరువుల కొట్టాయన బాకీల కింద రైతుల దగ్గర తీసుకున్న టిక్కీలు కొట్టు ముందు గుట్టలు పడ్డాయి. ఆకాశంలో మబ్బు కనపడింది. ఆయన లైబ్రరీకొచ్చి, "టీచరమ్మా, ఏమనుకోమాక, గది కావాల. ఆదివారం పొద్దుగూకేలోపు ఖాళీ చెయ్యండి" అన్నాడు. చెడ్డవాడు కాదు. కాయ తడిస్తే ఆయన మునిగిపోతాడు. ఆ గది పోతే మళ్ళీ గది ఇచ్చే నాథుడు మా ఊళ్ళో లేడు, పుస్తకాలు సంచుల్లో మూటగట్టి ఎవరి అటక మీదో పడెయ్యాలి. అటకెక్కిన పుస్తకం మళ్ళీ దిగదు. అది ఆమెకీ తెలుసు, నాకూ తెలుసు.

ఆ ఆదివారం ఆమె చర్చి నుంచి తిన్నగా కొట్టు దగ్గరికి నడిచింది. తెల్లచీర, చేతిలో గొడుగు. నన్ను చూసి, "అన్నయ్యా, నువ్వు మాట్లాడతావు కదా, రా" అంది. మాట్లాడమని నన్ను పిలవాల్నా!

ఇప్పుడు నిజం చెప్పేస్తా. ఊరు ఊరంతా రాలేదు. కొట్టు గుమాస్తా, యూరియా కోసం వచ్చిన ఇద్దరు ముగ్గురు రైతులు, నా వెనకే వచ్చిన మా ఆవిడ, తవుడు సంచి నాకుతున్న ఒక మేక. అంతే సభ. కళ్ళు తుడుచుకున్నమాట నిజమే, పక్కన మిరపకాయ గుట్ట ఉంటే మీరైనా తుడుచుకుంటారు. మేక కూడా తుమ్మింది. గంటసేపు మాట్లాడలేదు. చదువు గొప్పతనం దగ్గర మొదలుపెట్టి, చేతులు ఊపుకుంటూ, నా చిన్నప్పుడు వాగు దాటి బడికెళ్ళిన సంగతిలోకి దిగి, వాగులో మా మేష్టారి గొడుగు కొట్టుకుపోయిన దగ్గర దారి తప్పాను. మళ్ళీ లైబ్రరీ దగ్గరికి రావడం నాకు చేతకాలేదు. కొట్టాయన తల వంచుకుంది ఫోన్ చూసుకోవడానికి.

"మామా, గొడుగు సంగతి మళ్ళీ విందాంలే. హమాలీలొస్తున్నారు" అన్నాడు.

కానీ ఆ కాస్సేపూ టీచరమ్మ నా పక్కన నిలబడి, ఒక్కో మాటకీ తల ఊపుతూనే ఉంది. గొడుగు కొట్టుకుపోయినప్పుడు కూడా ఊపింది. జీవితంలో నా ఉపన్యాసాన్ని అంత శ్రద్ధగా విన్న మనిషి ఇంకొకరు లేరు.

మధ్యాహ్నానికల్లా హమాలీలు పని మొదలుపెట్టారు. పిల్లలు ముందు అరల్లోని పుస్తకాలు పక్కనే ఉన్న చర్చి వసారాలోకి మోస్తుంటే, వెనక అర ఖాళీ కాకముందే దాని ముందు టిక్కీలు నిట్టనిలువుగా లేచాయి. తుమ్ములే తుమ్ములు. టీచరమ్మ వసారాలో నిలబడి పుస్తకాల మీద పడ్డ కారం దులుపుతోంది. నోరు విప్పలేదు. అంత గొంతున్న మనిషి అలా ఉంటే ఊళ్ళో కరెంటు పోయినట్టుంది నాకు.

అప్పుడొచ్చింది ముసలమ్మ. కొట్టాయన తల్లి. మోకాళ్ళ నొప్పులతో గడప దాటని మనిషి, ఒక చేత్తో కర్ర, ఇంకో చేత్తో మనవరాలి భుజం. మనవరాలు అప్పటికి ఆరో తరగతి. వారం రోజులుగా నాయనమ్మకి ఒక ఎద్దు కథ చెబుతోంది. పేదరైతు ఎద్దు కృష్ణ వరదలో కొట్టుకుపోయింది. రైతు ఈవల ఒడ్డున నిలబడి పిలుస్తున్నాడు. ఎద్దు నీళ్ళలో తల ఎత్తి చూసింది. అక్కడ ఆపేసింది పిల్ల.

ముసలమ్మ నాపబండ మీద కూలబడి ఆయాసం తీర్చుకుంది.

"ఊఁ, చదవ్వే."

"ఎట్టా చదవాల నాయనమ్మా? పుస్తకం నాన్న టిక్కీల ఎనక ఉంది."

ముసలమ్మ గదిలోకి తొంగిచూసింది. టిక్కీల్ని పైనుంచి కిందిదాకా చూసింది. తర్వాత హమాలీలతో చెప్పింది.

"ఒరేయ్, అయ్యి ఇవతలికి లాగండి."

"అయ్యగారు ఎయ్యమన్నారు పెద్దమ్మా."

"ఆ అయ్యగార్ని కన్నది నేనేరా. లాగండి!"

కబురు అంది కొట్టాయన బండి మీద ఊడిపడ్డాడు. "అమ్మా, నీకేమన్నా మతిపోయిందా? మబ్బు చూడు! సరుకంతా తడిస్తే ఏమైపోతాం?"

"తడవనీమాక. నా గదిలో ఏసుకో."

"నువ్వేడ పడుకుంటావ్?"

"వసారాలో పడుకుంటా. ఆ ఎద్దు ఏటి మధ్యలో ఉండంగా నాకు నిద్రెక్కడ పట్టిందిరా, ఏ గదైతే నాకేంది?"

హమాలీలు ఆయన్నీ ముసలమ్మనీ మార్చి మార్చి చూసి, టిక్కీలు లాగడం మొదలుపెట్టారు. సందు దొరకగానే పిల్ల దూరి పుస్తకం పట్టుకొచ్చింది. దాని ముక్కు, కళ్ళు మిరపపండులా ఉన్నాయి. నాయనమ్మ ఎదురుగా నిలబడి పేజీ తీసింది. తుమ్ములతో గొంతు బొంగురుపోయింది, మాట లేవడంలేదు.

టీచరమ్మ చర్చి వసారా దిగి వచ్చింది. ముసలమ్మ మొహం చూసింది. చెయ్యి చెవి వెనక పెట్టింది.

"గట్టిగా చదువమ్మా. నాకు వినపడదు!"

పిల్ల గొంతు సవరించుకుని అందుకుంది. హమాలీలు టిక్కీల మీదే కూర్చున్నారు. కొట్టాయన బండి స్టాండు వెయ్యడం మర్చిపోయి రెండు కాళ్ళ మధ్య పట్టుకునే నిలబడ్డాడు. ఎద్దు రెండుసార్లు మునిగింది. రెండోసారి లేవలేదు. పిల్ల పేజీ తిప్పింది. ముసలమ్మ కర్రని రెండు చేతులా పట్టుకుంది.

ఎద్దు దాటింది. దూరాన దిగువ ఊళ్ళో ఒడ్డెక్కి, ఒళ్ళు విదిలించుకుని, తోవ పట్టి ఇంటికి నడిచొచ్చింది.

"హమ్మయ్య!" అన్నది ముసలమ్మ కాదు, కొట్టాయన.

ముసలమ్మ కొంగుతో మొహం తుడుచుకుని కొడుకుతో ఒకే మాట అంది. "ఈ గది జోలికి ఇంక రామాక." ఆ ఎండాకాలమంతా వాళ్ళింట్లో కూర తాలింపు అక్కర్లేకుండానే తుమ్ముకున్నారు. టిక్కీలు తడవలేదు. గది మిగిలింది.

అదీ జరిగింది. నా ఉపన్యాసం వల్ల ఒక్క టిక్కీ కూడా కదల్లేదు.

ఇంక మొన్నటి ఆదివారం సంగతి. బెంగ పట్టలేక, వాకింగ్ వంకతో ఆ గది వైపు నడిచా. దూరం నుంచే తుమ్ములు వినపడతాయేమోనని చెవులు రిక్కించుకున్నా. వినపడింది చదువు. తలుపు బార్లా తీసుంది. గుమ్మం ముందు చెప్పులు జతలు జతలుగా ఉన్నాయి. ఆనాటి ఎద్దు కథ పిల్ల ఇప్పుడు పేటలో డిగ్రీ చదువుతోంది, ఆదివారమాదివారం బస్సులో వచ్చి తాళం తీస్తోందట. నాపబండ మీద ఎవరు కూర్చున్నారనుకున్నారు? ఎరువుల కొట్టాయన. తల నెరిసింది. ఎదురుగా హమాలీ మనవడొకడు పుస్తకం పట్టుకుని తడుముకుంటున్నాడు. ఆ డిగ్రీ పిల్ల కుడిచెయ్యి చెవి వెనక పెట్టింది.

"గట్టిగా చదువురా. నాకు వినపడదు!"

నా గుండెల మీద నుంచి బస్తా దించినట్టయింది. అక్కడే, బండ అంచున, కొట్టాయన్ని కాస్త జరగమని కూర్చున్నా. కథ ఏందో నాకు తెలవదు. చివర మాత్రం బాగుంది.

ఇంటికొచ్చి ఇదంతా రాసి, మా ఆవిడకి చదివి వినిపించా. చిక్కుడుకాయలు తుంచుతూ వింది. టీచరమ్మ చెవిటి నటన దగ్గర చేతులు ఆగాయి.

"నటనని ఎవరు చెప్పారు నీకు?"

"చెప్పేదేంది, చీమ తుమ్మినా వినేది కదా!"

"ఇనలా. చూసింది. గాజు బీరువాలో గదంతా కనపడతది. క్రషర్ కాడే పోయినయ్ ఆమె చెవులు. ఎదురుగుండి మాట్లాడితే పెదాలు చూసి పట్టుకునేది, అదీ సగం సగం."

నేను కాగితం పక్కన పెట్టా. "మరి నాకెందుకు చెప్పలా?"

"నీకు చెపితే ఊరికి చెప్పినట్టే. వినపడదని పిల్లలకి తెలిస్తే చదవరు, ఊరికే పెదాలాడిస్తారు అనేది. నటిస్తుందనే అనుకోనీ వదినా అనేది. అందుకే ముసలోళ్ళని ఆ బండ మీద కూర్చోబెట్టింది. పిల్లలు ఎట్టా చదివేదీ వాళ్ళ మొహాల్లో చూసుకునేది. నెలనెలా పేట పోయింది చీరలకనుకున్నావా? చెవుల డాక్టరు కాడికి."

"పులిబొంగరాలు..."

"నువ్వు అడిగినట్టే ఆమెకి తెలవదు. తెలిస్తే గిన్నె పట్టుకుని వచ్చుండేది."

ఇన్నేళ్ళూ ఆమె వెనక నిలబడి నేను వేసిన జోకులన్నీ గుర్తొచ్చాయి. ఒక్కటీ ఆమెకి చేరలేదన్నమాట. కాస్త తేలికపడ్డా. ఆఖరికి మిగిలిన ఒక్క దానిని గట్టిగా పట్టుకున్నా.

"సరేలే. మరి ఆ రోజు కొట్టు ముందు నా మాటలకి తల ఊపింది కదా. అది నువ్వూ చూశావు."

మా ఆవిడ చిక్కుడుకాయ ఈనె లాగి పక్కన పడేసింది.

"పక్కన నిలబడితే పెదాలేడ కనపడతయ్యా? నీ చెయ్యి లేచినప్పుడల్లా ఊపింది. ఒక్క ముక్కన్నా వినపడుంటే, నిన్ను అంతసేపు మాట్లాడనిచ్చేదా?"